పీట, బకెట్, లోపలి గడియ

ప్రశ్న: మా అత్తగారికి 74 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఇరవై ఏళ్లుగా షుగరు ఉంది, బీపీకి కూడా మాత్రలు వేసుకుంటారు. ఇంట్లో గోడలు పట్టుకుని నడుస్తారు. రెండు నెలల క్రితం ఒక శుక్రవారం తలంటు పోసుకుంటూ బాత్‌రూమ్‌లో జారిపడ్డారు. గడియ లోపల వేసుకున్నారు కాబట్టి తలుపు తెరవడానికి పావుగంట పట్టింది. మణికట్టు వాచింది తప్ప ఇంకేమీ కాలేదు. అప్పటినుంచి మావారు రోజు విడిచి రోజు తడిబట్టతో ఒళ్లు తుడిస్తే చాలంటున్నారు. ఆవిడ ససేమిరా ఒప్పుకోరు. స్నానం చేయకుండా పూజ దగ్గరికి, వంటింట్లోకి వెళ్లరు. నన్ను లోపలికి రానివ్వరు. పుట్టింటివారు ఇచ్చిన టేకు పీట మీదే కూర్చుని బకెట్ నీళ్లు పోసుకుంటారు. ఆ పీట వదలరు. షవర్ పెట్టిస్తే మేలా? మాది అద్దె ఇల్లు, టైల్స్ పగలగొట్టడానికి ఇంటివారు ఒప్పుకోరు.
— ఒక కోడలు, రాజమహేంద్రవరం

సమాధానం: ముందు మీవారికి ఒక మాట చెప్పండి. తడిబట్టతో తుడవడం మంచం దిగలేని మనిషికి చేసే సేవ. మీ అత్తగారు గోడ పట్టుకునైనా నడుస్తున్నారు, పూజ చేసుకుంటున్నారు, వంటింట్లోకి వెళుతున్నారు. స్నానం ఆపేస్తే ఈ మూడూ ఒకేసారి ఆగిపోతాయి. ఆగిన నెలకే కాళ్లలో ఉన్న కాస్త సత్తువా పోతుంది. ఆవిడ ఒప్పుకోకపోవడమే మంచిదయింది. ఆవిడ స్నానం మానకూడదు, మీరు బాత్‌రూమ్ పగలగొట్టనక్కరలేదు. మార్చవలసింది ఆవిడ కూర్చునే ఎత్తు.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన మాట "శుక్రవారం తలంటు". పడింది మామూలు రోజున కాదు. తలంటు రోజున బాత్‌రూమ్ ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. అరికాళ్లకు నూనె, నేల మీద నూనె, దాని మీద కుంకుడురసం నురగ. ఇదంతా సరే, ఇంకొకటి ఉంది. కుంకుడురసం కళ్లలో పడకుండా ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుంటారు. ఇరవై ఏళ్ల షుగరుతో చాలామందికి అరికాళ్లలో స్పర్శ తగ్గిపోతుంది. కాలు నేల మీద ఎలా ఆనుతోందో కాలు చెప్పలేకపోతే ఆ పని కళ్లు చేస్తాయి. కళ్లూ మూసేస్తే ఒంటికి నిలువు ఏదో, వంపు ఏదో తెలియదు. అప్పుడు మగ్గు కోసం చేయి చాపితే చాలు, తూలిపోతారు. మీకు అనుమానంగా ఉంటే ఒక పరీక్ష చేయండి. ఆవిడను పొడి నేల మీద, గోడకు దగ్గరగా, పాదాలు రెండూ కలిపి నిలబెట్టండి. మీరు రెండు చేతులూ చుట్టూ ఉంచి సిద్ధంగా నిలబడి కళ్లు మూయమనండి. కళ్లు తెరిచి ఉన్నప్పుడు నిలబడగలిగి, మూయగానే ఊగిపోతే సంగతి అదే. ఆ విషయం డాక్టరుకు చెప్పండి. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 విటమిన్ తగ్గి కాళ్ల తిమ్మిరి ఎక్కువ కావడం ఉంది, దానికి రక్తపరీక్ష చేయించమని అడగండి. కళ్లలో శుక్లాలు ఉన్నాయేమో కూడా చూపించండి.

ఇక పీట. మన ఇళ్లలో స్నానపు పీట నేల నుంచి నాలుగైదు అంగుళాలు ఉంటుంది. అంత కిందికి దిగాలంటే మోకాళ్లు పూర్తిగా మడవాలి, లేవాలంటే ఒంటి బరువంతా ఆ మడిచిన మోకాళ్ల మీదే పైకి ఎత్తాలి. నలభై ఏళ్ల వయసులో అది లెక్కలోకి రాని పని. అరిగిన మోకాళ్లకు మాత్రం రోజుకు ఒక కొండ ఎక్కడమే. అదీ తడి నేల మీద, తడి లంగా కాళ్లకు చుట్టుకుని ఉండగా, పట్టుకోవడానికి కుళాయి తప్ప ఏదీ లేకుండా. కూర్చునే స్నానం చేస్తున్నారు కదా అని మీరు అనుకుంటున్నారు. ఆ కూర్చోవడం, లేవడం దగ్గరే చిక్కంతా.

కాబట్టి కుర్చీ కావాలి. ఇంట్లో ఉన్న మామూలు ప్లాస్టిక్ కుర్చీ వద్దు. తడి టైల్స్ మీద దాని కాళ్లు పక్కకు పరుచుకుంటాయి, పాతదైతే విరుగుతుంది. ఇనుప మడత కుర్చీ అసలే వద్దు. సర్జికల్ సామాన్లు అమ్మే దుకాణాల్లో స్నానానికనే అల్యూమినియం కుర్చీలు దొరుకుతాయి. సీటులో నీళ్లు కారిపోవడానికి రంధ్రాలు, కాళ్లకు రబ్బరు బూట్లు, ఎత్తు తగ్గించి పెంచే గుండీలు ఉంటాయి. వీపు ఆనించుకునే పట్టీ, రెండు వైపులా చేతులు ఉన్నదే తీసుకోండి. చేతులు లేని స్టూల్ చవక, కానీ లేచేటప్పుడు ఆవిడ నొక్కిపట్టి లేవవలసింది ఆ చేతులనే. ఎత్తు కొలవడం తేలిక. ఆవిడను మంచం మీద పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టి, మోకాలి వెనక మడత నుంచి నేలకు టేపుతో కొలవండి. దానికి ఒకటి రెండు అంగుళాలు కలపండి. మన ఆడవాళ్లకు చాలావరకు 17, 18 అంగుళాల దగ్గర తేలుతుంది. కూర్చున్నప్పుడు తొడలు మోకాళ్ల వైపు కాస్త వాలుగా ఉండాలి, పాదాలు మాత్రం పూర్తిగా నేలకు ఆనాలి. బాత్‌రూమ్ నేల నీళ్లు పోవడానికి వాలుగా ఉంటుంది కదా, నాలుగు కాళ్లూ కదలకుండా ఆనాయో లేదో ముందు మీరు కూర్చుని ఊగి చూడండి. ఒక కాలు లేస్తే ఆ ఒక్క కాలి ఎత్తు గుండీ మార్చి సరిచేయండి.

ఇక్కడే చాలా ఇళ్లలో ఒక పొరపాటు జరుగుతుంది. కుర్చీ తెస్తారు, మనిషిని ఎత్తులో కూర్చోబెడతారు, బకెట్‌ను మాత్రం కిందే ఉంచేస్తారు. ఇప్పుడు ప్రతి మగ్గుకూ ఆవిడ నడుము వంచి కిందికి వాలాలి. కుర్చీ మీద నుంచి ముందుకు బోర్లా పడేది ఇలాగే. బకెట్ అంచు కుర్చీ సీటుతో సమంగా రావాలి, ఆవిడ బాగా వాడే చేతి పక్కన ఉండాలి. మగ్గు చిన్నది కావాలి. మణికట్టు వాచిన చేతికి నిండు లోటా బరువు.

షవర్ సంగతి అడిగారు. తల మీద బిగించిన షవర్ వద్దే వద్దు. నీళ్లు నేరుగా ముఖం మీద పడతాయి, మళ్లీ కళ్లు మూసుకోవలసి వస్తుంది. పైగా దాన్ని పెట్టిస్తే ఎవరైనా నిలబడే స్నానం చేయాలని చూస్తారు. పెట్టించదలిస్తే చేతితో పట్టుకునే షవర్ పెట్టించండి. గొట్టం మీటరున్నరకు తగ్గకూడదు. తగిలించే కొక్కెం కూర్చున్న మనిషి భుజం ఎత్తులో ఉండాలి, నిలబడిన మనిషికి అందే ఎత్తులో కాదు. ఉన్న కుళాయికే ప్లంబరు బిగించగలడు, టైల్ కదలనక్కరలేదు. అయితే మీ అత్తగారికి చెంబుతో పోసుకుంటేనే స్నానం చేసినట్టు ఉంటుందేమో, అడగండి. డెబ్భై ఏళ్ల అలవాటును ఒక గొట్టం కోసం మార్చమనడానికి నాకైతే మనసొప్పదు. కుర్చీ, ఎత్తులో బకెట్ ఉంటే చెంబుస్నానం కూడా క్షేమమే.

పట్టుకునే కడ్డీల గురించి చెప్పే ముందు మా ఇంటి సంగతి చెబుతాను. ఇరవై ఏళ్లకు పైగా నేను ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయిస్తున్నాను. ఊళ్లో వాళ్లందరి బాత్‌రూములూ చూశాను, మా నాన్నగారి బాత్‌రూమ్ మాత్రం చూడలేదు. ఒకరోజు ఆయన లేస్తూ తువ్వాలు వేసుకునే కడ్డీ పట్టుకున్నారు. రెండు చిన్న స్క్రూలు, రెండు ప్లాస్టిక్ ప్లగ్గులు. అది గోడ సున్నంతో సహా ఊడి వచ్చింది. మేము తలుపు తెరిచేసరికి కడ్డీ ఆయన చేతిలోనే ఉంది. తుంటి ఎముక విరిగింది. తువ్వాలు కడ్డీ తువ్వాలు మోయడానికి చేసినది. కుళాయి, గీజర్ పైపు, వాష్‌బేసిన్ అంచు కూడా అంతే. తూలిన మనిషి దొరికినదాన్ని పట్టుకుంటాడు కాబట్టి, దొరికేది గట్టిదై ఉండాలి.

మీ ఇంట్లో రెండు కడ్డీలు చాలు. ఒకటి తలుపు పక్కన నిలువుగా, గడప దాటేటప్పుడు పట్టుకోవడానికి. ఇంకొకటి కుర్చీ పక్క గోడకు అడ్డంగా. ఎత్తుకు సాధారణంగా 33 నుంచి 36 అంగుళాలు చెబుతారు, కానీ అది పొడుగువారికి సరిపోయే లెక్క. ఆవిడను చెప్పులు లేకుండా నిలబెట్టి, చేయి కిందికి వదిలేస్తే మణికట్టు ఎక్కడికి వస్తుందో చూసి, దాని కంటే నాలుగు వేళ్లు పైన గుర్తు పెట్టండి. కడ్డీ లావు ఒకటింబావు నుంచి ఒకటిన్నర అంగుళం ఉంటే పిడికిలి బాగా బిగుస్తుంది. గోడకు, కడ్డీకి మధ్య ఒకటిన్నర అంగుళం సందు ఉండాలి. మరీ ఎక్కువైతే ముంజేయి జారి అందులో ఇరుక్కుంటుంది. కనీసం 110 కిలోలు ఆగేది అడగండి. నున్నగా మెరిసేదానికన్నా గీతలు చెక్కిన కడ్డీ తడిచేతికి మేలు. ఇటుకలోకి దిగే యాంకర్ బోల్టులతో బిగించాలి. బిగించిన మర్నాడు మీవారిని రెండు చేతులతో వేలాడమనండి. ఆయన బరువు ఆగితే ఆవిడ బరువు ఆగుతుంది.

ఇంటివారు పగలగొట్టనివ్వరు అన్నారు. ఇది పగలగొట్టడం కాదు, ఒక్కో కడ్డీకి నాలుగో ఆరో రంధ్రాలు. ఖాళీ చేసేటప్పుడు కడ్డీలు వదిలేసి వెళతామని చెప్పండి. వాళ్లింట్లోనూ పెద్దవాళ్లు ఉండే ఉంటారు. ఒప్పుకోకపోతే మాత్రం గాలి పట్టుతో గోడకు అంటుకునే ప్లాస్టిక్ కడ్డీలు కొని మోసపోకండి. ఈ రోజు అంటుకున్నది రేపు ఊడుతుంది, ఊడేది మనం బరువు వేసినప్పుడే. అప్పుడు కుర్చీ చేతులనే నమ్ముకోండి, గడప దాటించడానికి మీ చేయి ఇవ్వండి.

నేల గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. అదే బాత్‌రూమ్‌లో బట్టలు ఉతుకుతారు కాబట్టి సబ్బు పొర ఉంటుంది. సాయంత్రం బ్రష్‌తో రుద్ది కడిగేయండి, ఆవిడ వెళ్లే ముందు వైపర్‌తో నీళ్లు లాగేయండి. కింద పట్టు బుడిపెలున్న రబ్బరు చాప నున్నటి టైల్ మీదే అంటుకుంటుంది, గరుకు టైల్ మీద అది కూడా జారుతుంది. కాలితో తోసి చూడండి, కదిలితే వేయవద్దు. వేస్తే రోజూ ఎత్తి ఆరబెట్టాలి, లేకపోతే కింద పాకుడు పడుతుంది. తలుపు బయట కాళ్లు తుడుచుకోవడానికి పాత చీర మడత వేసి ఉంచుతారు చూడండి, దాన్ని ఇవాళే తీసేయండి. తడికాలు దాని మీద పడితే మనిషితో సహా జారుతుంది. గడప మీద రంగు టేపు అంటించండి. తెల్ల టైల్, తెల్ల గడప, తెల్ల గోడ ఉంటే ముసలి కళ్లకు మెట్టు ఎక్కడుందో తెలియదు.

గడియ విషయంలో నేను ఆవిడ పక్షమే. 74 ఏళ్ల మనిషి తలుపు వేసుకుని స్నానం చేయాలనుకోవడం మొండితనం కాదు. కానీ పావుగంట! లోపలి గడియ తీసేసి, బయటి నుంచి నాణెంతో తిప్పినా తెరుచుకునే తాళం పెట్టించవచ్చు. అదీ కాకపోతే తలుపు బయట కొక్కేనికి ఆవిడ తువ్వాలు వేలాడుతుంటే ఎవరూ రాకూడదని ఇంట్లో కట్టడి చేసుకోండి. తలుపు లోపలికి తెరుచుకునేదైతే ఇంకో ప్రమాదం ఉంది. పడిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే ఎంత తోసినా రాదు. బందులు మార్చి బయటికి తెరుచుకునేలా చేయడం వడ్రంగికి ఒక పూట పని. బ్యాటరీతో పనిచేసే కాలింగ్ బెల్ మీటను కుర్చీ దగ్గర గోడకు, నేల మీద పడి ఉన్నా చేయి అందేంత కింద, ప్లాస్టిక్ కవరు చుట్టి అంటించండి. మీరు వంటింట్లో ఉండండి. లోపలికి వెళ్లవద్దు, మధ్యమధ్య ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి. పప్పులో ఉప్పెంత వేయాలో అడగండి, జవాబు వస్తుంది. రాకపోతే వెళ్లండి.

నీళ్ల వేడి దగ్గర మాత్రం మొహమాటం వద్దు. కాళ్లకు స్పర్శ తగ్గినవారు నీళ్లు కాలుతున్నా చల్లగా ఉన్నాయంటారు. 60 డిగ్రీల నీళ్లు అయిదారు సెకన్లలో చర్మాన్ని కాల్చేస్తాయి, ముసలి చర్మానికి అంతసేపు కూడా పట్టదు. గీజర్‌ను 50 డిగ్రీల లోపు తిప్పి పెట్టండి. బకెట్‌లో ముందు చన్నీళ్లు పట్టి, తర్వాత వేడినీళ్లు కలిపి, మీ మోచేతితో చూడండి. ఆవిడ కాలితో చూసుకోనివ్వవద్దు. బకెట్‌లో కరెంటు రాడ్ వేసి కాచే అలవాటుంటే ఈ రోజుతో మానేయండి. గ్యాస్ గీజర్ అయితే అది బాత్‌రూమ్ లోపల ఉండకూడదు. తలుపు, కిటికీ మూసిన చోట అది వదిలే విషవాయువుకు వాసన ఉండదు, మనిషి పడిపోయాకే తెలుస్తుంది.

ఇంకొక సంగతి మీరు రాయలేదు, నేనే ఊహిస్తున్నాను. పూజ అయ్యేదాకా ఆవిడ మంచినీళ్లు కూడా ముట్టరు కదా? తెల్లవారుజామున ఖాళీ కడుపు, ఒంట్లో నీళ్లు తక్కువ, బీపీ మాత్రలు, ఆపైన వేడినీళ్లు. వేడికి రక్తనాళాలు వెడల్పవుతాయి, లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. షుగరు మాత్ర ముందే వేసుకుని తినకుండా ఉంటే చెమటలు పట్టి, వణుకు వచ్చి కూలిపోవడమూ ఉంది. స్నానానికి ముందు ఒక గ్లాసు నీళ్లు తాగడానికి ఒప్పించండి. మీ మాట వినకపోతే డాక్టరు చేత చెప్పించండి, ఆ మాటకు మందుతో సమానమైన విలువ ఉంటుంది. ఏ మాత్ర ఏ వేళకు వేసుకోవాలో కూడా ఆయన్నే అడగండి. సొంతంగా ఏదీ ఆపవద్దు. వీలైతే స్నానాన్ని వెలుతురు వచ్చే వేళకు, ఏడింటికి జరపండి.

లేవడం ఆవిడకు నేర్పాలి. అవును, నేర్పాలి, అదీ పొడి నేల మీద, బట్టలతోనే, నాలుగు రోజులు. స్నానం అయ్యాక కూర్చునే తుడుచుకోవాలి, కూర్చునే పొడి నైటీ తల మీదుగా వేసుకోవాలి. తడి లంగా విప్పి పక్కన పెట్టేదాకా లేవకూడదు. తర్వాత కుర్చీ అంచుకు జరిగి, పాదాలు వెనక్కి లాక్కుని, రెండు చేతులతో కుర్చీ చేతులు నొక్కుతూ, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేంత ముందుకు వంగి లేవాలి. లేచాక వెంటనే నడవకూడదు. పది అంకెలు లెక్కపెట్టాలి, లేదా ఒక శ్లోకం చదువుకోవాలి. శ్లోకమైతే మరిచిపోరని నా అనుభవం. కాలివేళ్ల సందులు తుడవడానికి మాత్రం ఆవిడ వంగకూడదు. బయటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాక ఆ పని మీరు చేయండి. షుగరు ఉన్న పాదాన్ని రోజూ ఒకరు చూడాలి కూడా, ఒక పనికి రెండు ప్రయోజనాలు.

శుక్రవారం తలంటు మానవద్దు. నూనె పెట్టడం బాత్‌రూమ్ బయట, తలకు మాత్రమే. అరికాళ్లకు అంటితే సున్నిపిండితో రుద్ది పొడిబట్టతో తుడిచి లోపలికి పంపండి. తల రుద్దే పని మీది. ఆవిడ నైటీ వేసుకుని కుర్చీలో కూర్చుంటారు, రెండు చేతులతో కుర్చీ చేతులు పట్టుకుని కళ్లు మూసుకుంటారు, మీరు వెనక నిలబడి తలంటి పోసి బయటికి వచ్చేస్తారు. మిగతా స్నానం ఆవిడ తలుపు వేసుకుని చేసుకుంటారు. నన్ను లోపలికి రానివ్వరు అన్నారు కదా, ఇలా అయితే రానిస్తారని నేననుకుంటున్నాను. తలంటు పోయడంలో నామోషీ లేదు. ఆవిడ మీ పిల్లలకు పోసే ఉంటారు.

ఇంత చేసినా పడితే, చంకల కింద చేతులు వేసి లాగవద్దు. ముందు ఎక్కడ నొప్పో అడగండి. ఒక కాలు పొట్టిగా కనిపించి పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగినట్టే. కదపకుండా దుప్పటి కప్పి 108కి ఫోను చేయండి. తలకు దెబ్బ తగిలి, రక్తం పలుచబడే మందులు వాడుతూ ఉంటే, బాగానే ఉన్నానన్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి. దెబ్బలేమీ లేకపోతే పక్కకు తిరగనిచ్చి, దగ్గరికి కుర్చీ జరిపి, దాని మీద చేతులు ఆనించి మెల్లగా ఆవిడనే లేవనివ్వండి.

ఖర్చు భారమైతే, తక్కువ ఆదాయం ఉన్న పెద్దలకు వాకర్లు, చక్రాల కుర్చీల వంటివి ఉచితంగా ఇచ్చే కేంద్రం పథకం రాష్ట్రీయ వయోశ్రీ ఉంది. 2017లో అది మొదలైంది మన నెల్లూరు జిల్లాలోనే. వివరాలకు పెద్దల సహాయ నంబరు 14567కు ఫోను చేయవచ్చు.

చివరగా, ఆవిడ వదలనంటున్న టేకు పీట. వదలమనకండి. నేను చెప్పిన కుర్చీ సీటు 18 అంగుళాలు. ఇళ్లలో వాడే పెద్ద బకెట్ 14 అంగుళాల దాకా ఉంటుంది. బకెట్ అంచు సీటుకు సమంగా రావాలంటే కింద నాలుగు అంగుళాల ఎత్తు, కదలని బరువు ఉన్నది ఏదైనా కావాలి. పీట అడుగున పాత సైకిల్ ట్యూబు ముక్కలు అంటించి, కుర్చీ పక్కన వేసి, దాని మీద బకెట్ పెట్టండి. ఎక్కడ వేయాలో మాత్రం ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, చేయి చాపమని, ఆవిడ చూపించిన చోటే వేయండి.